ఓడలో ఏసీ చల్లబరచకపోతే గ్యాస్ సిలిండర్ కంటే ముందు నీళ్లు చూడండి

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల ఐటీఐల్లో ఏసీ మెకానిక్ ట్రేడ్ చదివి విశాఖలో ఓడల పనికి వెళ్లే కుర్రాళ్లకు ఊళ్లోనే ఒక అలవాటు అబ్బుతుంది. స్ప్లిట్ ఏసీ చల్లబరచడం లేదంటే గేజి తగిలించి ‘గ్యాస్ తగ్గింది’ అనేస్తారు. యుద్ధనౌక మీద ఆ అలవాటును మొదటి రోజే వదిలెయ్యాలి. అక్కడ వెతకాల్సిన వరుస వేరు: ముందు సముద్రపు నీరు, తర్వాత చల్లటి నీరు, ఆ తర్వాత గాలి, అన్నిటికీ చివర గ్యాస్.

వేట పడవలకు ఐసు దిమ్మలు అమ్మే ఫ్యాక్టరీ లోపల చూసినవాళ్లకు ఓడ ఏసీ తేలిగ్గా అర్థమవుతుంది. అక్కడ అమ్మోనియా నేరుగా ఐసు చెయ్యదు. అది ఉప్పునీటిని చల్లబరుస్తుంది, ఆ ఉప్పునీరు డబ్బాల్లోని నీళ్లను గడ్డ కట్టిస్తుంది. ఓడలోనూ గ్యాస్, ఏసీ యంత్రాలుండే ప్లాంటు గది దాటి వెళ్లదు. అక్కడ 6-7 డిగ్రీలకు చల్లబడిన మంచినీటిని పంపు ఓడంతా తిప్పుతుంది. దీన్నే చిల్డ్ వాటర్ అంటారు. అది ఒక్కో విభాగంలోని కాయిల్ గుండా పోయి, గదుల వేడి పట్టుకుని సుమారు 12 డిగ్రీలతో వెనక్కి వస్తుంది. కాయిల్ మీదుగా ఫ్యాన్ తోసిన గాలి 12-14 డిగ్రీలకు చల్లారి డక్టుల్లోకి వెళ్తుంది. ప్లాంటులోని వేడినంతా కండెన్సర్ (వేడి గ్యాస్ ద్రవంగా మారే భాగం) గొట్టాల్లో పారే సముద్రపు నీరు తీసుకుని బయట పారబోస్తుంది. ఈ ఏర్పాటుకు గట్టి కారణముంది. గ్యాస్ పైపులు ప్రతి గదికీ వెళ్తే ఎక్కడ కారినా మూసి ఉన్న గదిలో మనిషి ప్రాణానికి ముప్పు. నీళ్లు కారితే తుడుచుకోవచ్చు.

కొన్ని లెక్కలు నోటికి రావాలి. ఒక టన్ను ఏసీ అంటే 3.517 కిలోవాట్లు. చిల్డ్ వాటర్ 5.5 డిగ్రీల తేడాతో తిరిగితే టన్నుకు నిమిషానికి సుమారు 9 లీటర్లు పారాలి. కంప్రెసర్ వేడి కూడా కలుస్తుంది కాబట్టి కండెన్సర్‌లో 5 డిగ్రీల తేడాకు టన్నుకు నిమిషానికి 13 లీటర్ల సముద్రపు నీరు కావాలి. 100 టన్నుల ప్లాంటుకు అది నిమిషానికి 1,300 లీటర్లు. అంత నీళ్లు పోయే దారిలో ఒక పాలిథిన్ కవరు అడ్డుపడినా ప్లాంటుకు వెంటనే తెలుస్తుంది.

హై ప్రెషర్ మీద ట్రిప్ అవుతుంటే

వేసవిలో మన తీరంలో సముద్రపు నీరు 29-30 డిగ్రీలుంటుంది. ఎక్కువ ట్రిప్పులు (ప్రెషర్ హద్దు దాటి ప్లాంటు దానంతటదే ఆగిపోవడం) అప్పుడే. రీసెట్ బటన్ నొక్కే ముందు మూడు అంకెలు రాసుకోండి: కండెన్సర్‌లోకి వచ్చే సముద్రపు నీటి వేడి, బయటికి పోయే నీటి వేడి, ట్రిప్ అయ్యే ముందు గేజి చూపిన ప్రెషర్. ఆర్-134ఏ అనే గ్యాస్ వాడే ప్లాంటులో 9.2 బార్ గేజి అంటే గ్యాస్ 40 డిగ్రీల దగ్గర ద్రవంగా మారుతోందని. 12 బార్ అంటే దాదాపు 49. నీరు 29తో వచ్చి 34తో పోతూ గేజి 40 డిగ్రీల దగ్గర ఉంటే కండెన్సర్ బాగున్నట్టే.

నీరు 29తో వచ్చి 39తో పోతోందంటే వేడి తీసుకునే పని బాగానే జరుగుతోంది, నీళ్లే సగమయ్యాయి. స్ట్రెయినర్ (నీటిలోని చెత్తను ఆపే బుట్ట) మూసుకుంది, లేదా పంపు పట్టడం లేదు, లేదా ఎవరో వాల్వు సగం మూశారు.

నీరు 29తో వచ్చి 33తోనే పోతోంది, గేజి మాత్రం 47 డిగ్రీలు చూపుతోంది అంటే నీళ్లకు కొదవ లేదు, వేడే నీళ్లలోకి దిగడం లేదు. గొట్టాల్లో నాచు, బురద, సున్నం పేరుకున్నాయి. లేదా గ్యాస్‌లో గాలి కలిసింది. ఈ రెంటినీ విడదీసే పద్ధతి: కంప్రెసర్ ఆపి, సముద్రపు నీరు మాత్రం పారనివ్వండి. అరగంటలో వచ్చే నీరు, పోయే నీరు ఒకే వేడికి వస్తాయి. అది 30 డిగ్రీలైతే గేజి 6.7 బార్ చూపాలి. 7.5 చూపితే లోపల గాలి ఉంది. 6.7 దగ్గరే నిలిస్తే గొట్టాలు తోమాలి. మూడో సంగతి కూడా ఉంది, అది మన అలవాటు తెచ్చిపెట్టేదే. ఎవరో ‘తగ్గింది’ అని గ్యాస్ ఎక్కువ పోసి ఉంటే, ద్రవం కండెన్సర్ అడుగు వరుసల గొట్టాలను ముంచేస్తుంది. అప్పుడూ ప్రెషర్ ఇలాగే పెరుగుతుంది. లాగ్ పుస్తకంలో గ్యాస్ ఎప్పుడు, ఎంత పోశారో చూస్తే అది తేలుతుంది.

స్ట్రెయినర్ శుభ్రం చెయ్యడం చిన్న పనే, కానీ తొందరపడితే ప్లాంటు గదిలోకి సముద్రం వస్తుంది. జంట స్ట్రెయినర్ అయితే ముందు రెండోదానికి మార్చండి. తియ్యబోయేదాని రెండు వైపులా వాల్వులు మూసి, మూత మీది గాలి కాక్ తెరవండి. నీరు చిమ్మడం ఆగాలి. ఆగకపోతే వాల్వు పట్టడం లేదన్నమాట, మూత నట్ల జోలికి పోకండి. ఆగాక డ్రెయిన్ వదిలి, మీకు అవతలి వైపు నట్లు ముందు వదులు చెయ్యండి. మిగిలిన ప్రెషర్ అటువైపు పోతుంది, ముఖం మీదికి రాదు. బుట్టలో జెల్లీచేపలు, గవ్వలు, నాచు, ప్లాస్టిక్ ఉంటాయి. కడిగాక బుట్టను వెలుతురుకు పట్టి చూడండి. చిటికెన వేలు దూరే చిల్లు ఒక్కటున్నా ఆ గవ్వలు వెళ్లి కండెన్సర్ గొట్టాల నోట్లో కూర్చుంటాయి. తిరిగి బిగించాక లోపలికి వచ్చే వాల్వు కొద్దిగా మాత్రమే తిప్పి, పైకాక్ లోంచి గాలి పోయి నీరు ధారగా వచ్చేదాకా ఆగండి.

గొట్టాలు తోమాల్సి వస్తే నైలాన్ బ్రష్షే వాడండి. కుప్రోనికెల్ (రాగి, నికెల్ కలిపిన లోహం) గొట్టం లోపలి గోడకు పట్టే పలచటి పొరే దాన్ని ఉప్పునీటి నుంచి కాపాడుతుంది. ఇనుప బ్రష్షు దాన్ని గీకేస్తుంది. మూత తీసినప్పుడే, కండెన్సర్ లోహానికి బదులు తాము తుప్పు పట్టే జింకు దిమ్మలు చూడండి. సగం కరిగితే మార్చాలి. అసలు అరగకుండా కొత్తవాటిలా మెరుస్తున్నా అనుమానించాలి, లోహానికి సరిగా తాకడం లేదేమో. వాటర్ బాక్సులో నీటి మలుపులను విడదీసే గోడ గాస్కెట్ చిరిగి ఉంటే నీరు గొట్టాల్లోకి పోకుండా అడ్డదారిన బయటికి పోతుంది. ఓడ రోజుల తరబడి రేవులో ఆగి ప్లాంటు నడవకపోతే, కదలని మురికి నీటిలోని సల్ఫైడ్లు కుప్రోనికెల్‌ను తినేస్తాయి. ఆ నీరు దింపేసి మంచినీటితో నింపి ఉంచండి.

ఒక్క గదే వేడిగా ఉంటే

ఓడంతా ఉక్కగా ఉంటే ప్లాంటు దగ్గరికి వెళ్లండి. ఒక్క విభాగమే ఉక్కగా ఉంటే ప్లాంటును ముట్టుకోవద్దు. కండెన్సర్ దగ్గర వాడిన తర్కమే ఇక్కడా పనిచేస్తుంది. కాయిల్‌లోకి 7తో వెళ్లిన నీరు 8.5తోనే తిరిగొస్తే నీళ్లు పారుతున్నాయి, గాలి తగలడం లేదు. ఫిల్టర్ దుమ్ముతో పూడింది, లేదా ఫ్యాన్ సరిగా తిరగడం లేదు. 7తో వెళ్లి 17తో వస్తే నీళ్లు చాలడం లేదు. కాయిల్ ముందున్న చిన్న స్ట్రెయినర్, లేదా లోపల చిక్కిన గాలి. పైపులో గుడగుడ వినిపిస్తే గాలే. కాయిల్‌కు అన్నిటికంటే ఎత్తున ఉన్న కాక్ కింద సీసా పట్టి, బుడగలు ఆగి నీరు నిండుగా వచ్చేదాకా వదలండి. తర్వాత ఎక్స్‌పాన్షన్ ట్యాంకు మట్టం చూడండి. అది తరచూ తగ్గుతుంటే ఎక్కడో కారుతోంది.

ఫ్లో స్విచ్ (నీటి పారుదల ఆగితే ప్లాంటును ఆపేది), తక్కువ ఉష్ణోగ్రత కట్ అవుట్ (నీరు మరీ చల్లబడితే ఆపేది) విసిగిస్తున్నాయని వైరు కలిపేసి ప్లాంటు నడపకండి. నీరు ఆగితే దాన్ని చల్లబరిచే చిల్లర్‌లోనే గడ్డ కట్టి గొట్టాలు పగులుతాయి. అప్పుడు నీరు గ్యాస్‌లోకి, అక్కడి నుంచి కంప్రెసర్‌లోకి చేరుతుంది.

పైనుంచి నీళ్లు కారుతుంటే

కళింగపట్నం ఒడ్డున ఉక్కపోత రోజున చల్లటి నీళ్ల చెంబు బయట పెడితే ఎలా చెమరుస్తుందో పైపూ అలాగే చెమరుస్తుంది. గాలి 35 డిగ్రీలు, తేమ 70 శాతం ఉంటే 28 డిగ్రీల వస్తువుకైనా చెమట పడుతుంది, ఇక 7 డిగ్రీల పైపు సంగతి చెప్పేదేముంది? ఇన్సులేషన్ మీది పొర గోరంత చిరిగినా తేమ లోపలికి పోయి నీరవుతుంది, మొత్తం నాని బరువెక్కుతుంది, లోపల పైపు తుప్పు పడుతుంది. పైన టేపు చుడితే తడిని లోపలే బంధించినట్టు. తడిసినంత మేర కోసి తీసెయ్యండి, పైపు ఆరబెట్టి రంగు వెయ్యండి, నైట్రైల్ రబ్బరు అతికించి అతుకులన్నీ మూయండి. డెక్ మీదికి తెరుచుకునే తలుపు వేసి ఉంచకపోతే ఎంత చక్కగా చుట్టినా డక్టులు కారతాయి.

కాయిల్ కింది ట్రే కూడా చూడాలి. దాని డ్రెయిన్‌లో జిగురు పేరుకుంటే, ఓడ ఒరిగినప్పుడు నీరు అంచు దాటి కింద ఉన్న ఎలక్ట్రికల్ ప్యానెల్ మీద పడుతుంది. ఫిల్టర్ కడిగిన ప్రతిసారీ ఒక చెంబు నీళ్లు ట్రేలో పోసి ఎంత త్వరగా దిగుతాయో చూడండి.

ఫ్యాన్లు, ఫ్లాపులు

వంటగదికి, మరుగుదొడ్లకు లోపలికి వచ్చే గాలి కంటే బయటికి పోయేది ఎక్కువ ఉండాలి, అప్పుడే వాసన పక్క గదుల్లోకి రాదు. బ్యాటరీ గదిలో హైడ్రోజన్ తేలిక కాబట్టి పైకప్పు దగ్గర నుంచి లాగాలి. గాలిలో అది 4 శాతానికి చేరితే నిప్పురవ్వ చాలు.

మోటారు బాగుచేసి బిగించాక మూడు ఫేజుల్లో రెండు తారుమారైతే యాక్సియల్ ఫ్యాన్ (గాలిని తిన్నగా తోసే రెక్కల ఫ్యాన్) ఉల్టా ఊదుతుంది, లాగాల్సింది తోస్తుంది. సెంట్రిఫ్యూగల్ ఫ్యాన్ (గాలిని పక్కకు విసిరే డ్రమ్ము ఫ్యాన్) ఇంకా మోసపుచ్చుతుంది: ఉల్టా తిరిగినా గాలి అటే పోతుంది, కాకపోతే నీరసంగా. అందుకే గ్రిల్లు దగ్గర కాగితం ముక్క పెట్టి చూడటంతో ఆగకుండా, షాఫ్టు తిరిగే దిశను బాణం గుర్తుతో పోల్చండి.

మంటలు వస్తే ఫ్యాన్లు ఆపి ఫ్లాపులు (గాలి దారులను మూసే తలుపులు) మూసిన తర్వాతే కార్బన్ డయాక్సైడ్ వదలాలి. ఒక్క ఫ్లాపు తుప్పుతో బిగుసుకుపోయినా ఆ వాయువు బయటికి పోతుంది, మంటకు గాలి అందుతుంది. కాబట్టి ప్రతి ఫ్లాపునూ చేత్తో పూర్తిగా మూసి తెరిచి చూడటం తనిఖీలో భాగం. విషవాయువుల నుంచి కాపాడే సిటడెల్‌లో (ఓడలో గాలి చొరకుండా మూసి ఉంచే భాగం) ఫిల్టరైన గాలితో బయటికంటే సుమారు 5 మిల్లీబార్లు, అంటే 50 మిల్లీమీటర్ల నీటి మట్టమంత ప్రెషర్ ఎక్కువ నిలుపుతారు. చిన్నదిగా కనిపిస్తుంది గానీ 1.3 చదరపు మీటర్ల తలుపు మీద అది 65 కిలోల పైచిలుకు తోపు. అది నిలవకపోతే ముందు తలుపు రబ్బర్లకు సుద్ద రాసి మూసి, గీత ఎక్కడ తెగిందో చూడండి.

ఇప్పుడు గ్యాస్

పైవన్నీ చూశాక సక్షన్ వైపు (గ్యాస్ కంప్రెసర్‌లోకి వెళ్లే వైపు) సూపర్‌హీట్ కొలవండి, అంటే గ్యాస్ మరిగే వేడికంటే పైపు ఎంత ఎక్కువ వేడిగా ఉందో. ఆర్-134ఏలో సక్షన్ 1.9 బార్ అంటే 0 డిగ్రీలు. పైపు 6 డిగ్రీలుంటే సూపర్‌హీట్ 6, బాగున్నట్టే. అది 15 దాకా పోయి, సైట్ గ్లాసులో (పైపులో ద్రవం కనబడే గాజు కిటికీ) బుడగలు కూడా ఉంటే అప్పుడు గ్యాస్ తగ్గిందనండి. పోసే ముందు కారే చోటు వెతకండి. పైపుల అతుకుల్లో ఎక్కడా దొరకకపోతే అనుమానం కండెన్సర్ గొట్టం మీదికి వెళ్లాలి. గ్యాస్ ప్రెషర్ సముద్రపు నీటికంటే ఎక్కువ కాబట్టి అది నీళ్లతో కలిసి ఎవరికీ కనబడకుండా ఓడ బయటికి పోతుంది. ప్లాంటు ఆపి, సముద్రపు నీటి వాల్వులు రెండూ మూసి, నీరు దింపి, కాసేపాగి కింది డ్రెయిన్ కాక్ దగ్గర లీక్ డిటెక్టర్ పెట్టండి. కూసిందంటే ప్లాంటు నడపకండి. గ్యాస్ అయిపోయిన రోజున అదే చిల్లులోంచి ఉప్పునీరు లోపలికి వస్తుంది.

ఈ గ్యాస్ గాలికంటే బరువు, అడుగున చేరుతుంది. కారిందని తెలిసిన గదిలోకి దిగే ముందు ఎగ్జాస్ట్ నడిపి, ఆక్సిజన్ మీటరును తాడుతో అడుగుదాకా దించి చూడండి. 20.9 శాతం ఉండాలి. 19.5 కంటే తక్కువైతే దిగకూడదు. దిగినప్పుడూ పైన ఒక మనిషి నిలబడి ఉండాలి.