బెజవాడ ఇళ్ళలో చెమ్మ, దాని వెంట చేరే పురుగులు: ఏం చేయాలి?

వన్ టౌన్‌లో కొండవాలున ఉన్న మా పాత ఇంట్లో వానలు మొదలవగానే అమ్మ ఒక పని చేసేది. చెయ్యి తిప్పి, వేళ్ళ వెనక భాగంతో వంటింటి గోడను కింది నుంచి పైకి తాకుతూ వచ్చేది. చల్లగా తగిలిన చోటు నుంచి బియ్యం డబ్బా పక్కకు జరిపేది. పురుగు కనపడే దాకా ఆగేది కాదు, నెమ్ము ఎక్కడుందో ముందే చూసుకునేది. నాలుగిళ్ళు మారాక నాకూ అర్థమైంది, పని చేసే పద్ధతి అదేనని. నెలకో స్ప్రే డబ్బా కొన్న రోజులూ ఉన్నాయి. బొద్దింకలు ఓ వారం కనపడకుండా పోయి మళ్ళీ వచ్చేవి, ఎందుకంటే వాటిని పిలిచే తడి అలాగే ఉంది.

తడికీ పురుగుకీ ఏమిటి సంబంధం?

పురుగు ఒళ్ళు చాలా చిన్నది. అందుకే పొడి గాలిలో దాని ఒంట్లో నీరు త్వరగా ఆరిపోతుంది. మన వంటిళ్ళలో తిరిగే చిన్న గోధుమరంగు బొద్దింక తిండి లేకుండా కొన్ని వారాలు బతుకుతుంది, నీళ్ళు దొరక్కపోతే మాత్రం రెండు వారాలు నిలవడం కూడా కష్టం. పుస్తకాల్లో కనిపించే వెండిరంగు పురుగుకు గాలిలో తేమ 75 శాతం దాటితే పండగ. పాత కాగితాల మీద పాకే సూదిమొనంత తెల్లటి పురుగులైతే తినేదే బూజు. బూజు పుట్టాలంటే చెమ్మ ఉండాలి కదా.

మన ఊరు చూడండి. పక్కన కృష్ణ, ఊరి మధ్యలోంచి ఏలూరు, బందరు, రైవస్ కాలువలు, చుట్టూ వరి చేలు. జూన్‌లో నైరుతి వానలు మొదలై సెప్టెంబరు దాకా ఉంటాయి, ఆ వెనకే అక్టోబరు, నవంబరులో తుఫాను ముసుర్లు. ఆ నెలల్లో ఎండ కాస్తే ఉక్కపోత, కాయకపోతే చెమ్మ. పురుగుల గుడ్లు త్వరగా పొదగడానికి కావలసిన వెచ్చదనం ఎలాగూ ఉంటుంది.

ఇంకో సంగతి చాలామంది పట్టించుకోరు. వెచ్చటి గాలి ఎక్కువ తేమను మోస్తుంది, చల్లబడితే మోయలేదు. 30 డిగ్రీల వేడిలో 75 శాతం తేమ ఉన్న గాలి 24 డిగ్రీల గోడను తాకితే ఆ గోడ మీద నీరు పడుతుంది. పడగ్గదిలో ఏసీ 24లో పెట్టుకుంటాం. ఆ గోడకు అవతలి వైపు స్టోర్ రూమ్ ఉంటే అక్కడ బూజు ఎందుకు పడుతోందో ఇప్పుడు తెలిసింది కదా. బీరువాను ఆ గోడకు ఆనించి ఉంచితే లోపల బట్టల పరిస్థితీ అంతే.

మొదటి పని: తడి ఎక్కడుందో కనిపెట్టడం

గాలిలో తేమ ఎంతుందో చూపించే చిన్న డిజిటల్ మీటర్లు కొన్ని వందల రూపాయలకు దొరుకుతాయి. ఒకటి కొని, రోజుకో చోట పెట్టండి: సింకు కింద, బీరువాలో, అటక మీద, మంచం కింద. ఇల్లంతా తేమ తగ్గించడం వానాకాలంలో మన వల్ల కాదు. కిటికీ తీస్తే వచ్చేది కూడా తడి గాలే. కానీ బీరువా, పుస్తకాల అర, సరుకుల అర వంటి చోట్ల 60 శాతం లోపు ఉంచగలిగితే చాలా పురుగులు తగ్గిపోతాయి.

గోడ తడిగా ఉందనుకోండి. ఆ నీరు గోడలోంచి వస్తోందా, గదిలోని గాలి నుంచా? మూరెడు ప్లాస్టిక్ షీటు తీసుకుని నాలుగు వైపులా టేపుతో గోడకు గట్టిగా అంటించి రెండు రోజులు వదిలేయండి. షీటుకు గోడ వైపు నీటి బొట్లు కనిపిస్తే పైపో, పునాదో, డాబానో కారుతోందని అర్థం, మేస్త్రీని పిలవాలి. గది వైపు బొట్లు కనిపిస్తే తప్పు గాలిది, ఫ్యాన్, ఎగ్జాస్ట్, ఏసీలో డ్రై మోడ్ సరిపోతాయి. రంగు వేయించే ముందు ఈ పరీక్ష చేయండి. లోపల నెమ్ము ఉన్న గోడ మీద ఎంత ఖరీదైన పెయింట్ వేసినా ఒక్క వానాకాలంలో పొక్కులు లేస్తుంది.

రిపేర్లన్నీ మే నెలలోనే చేయించుకోవాలి. ఆవకాయ పెట్టే రోజులే డాబా పగుళ్ళు పూడ్చే రోజులు కూడా. అప్పుడు గోడలు ఎండి ఉంటాయి, పూసింది పట్టుకుంటుంది.

వంటింట్లో రాత్రి పది నిమిషాలు

బొద్దింకలు తిరిగేది రాత్రే కాబట్టి, వంటిల్లు పొడిగా ఉండాల్సింది కూడా రాత్రే. పడుకునే ముందు సింకు తుడవండి. గట్టు మీద తడి మసిగుడ్డ ముద్దగా వదిలేయకుండా పిండి ఆరేయండి. నీళ్ళ ఫిల్టరు కింద చుక్కలు పడే చోటు, గ్యాస్ సిలిండరు అడుగు, ఫ్రిజ్ వెనక ఉండే ట్రే ఒకసారి చూడండి. ఆ ట్రేను వారానికోసారైనా కడిగే ఇళ్ళు చాలా తక్కువ. అందులో బొద్దింకలు నీళ్ళు తాగుతాయి, దోమలు గుడ్లు పెడతాయి.

పెద్ద ఎర్ర బొద్దింకలు ఎక్కువగా డ్రైనేజీ నుంచి వస్తాయి. తూములకు జాలీలు బిగించండి. ఇక్కడ మాత్రం నీళ్ళు ఉండాల్సిన చోటు ఒకటుంది. బాత్రూమ్ జాలీ కింద వంపులో కొంచెం నీరు నిలిచి, కింది నుంచి వాసననూ పురుగులనూ ఆపుతుంది. ఎవరూ వాడని బాత్రూమ్‌లో అది ఎండిపోతుంది, దారి తెరుచుకుంటుంది. అక్కడ వారానికోసారి చెంబెడు నీళ్ళు పోయండి.

చిన్న గోధుమరంగు బొద్దింక సంగతి వేరు. అది ఇంట్లోనే పుట్టి ఇంట్లోనే పెరుగుతుంది. ఆడది ఒక్కో గుడ్ల సంచిలో 30 నుంచి 40 గుడ్లు మోసుకుంటూ తిరుగుతుంది. దీనికి స్ప్రే కన్నా జెల్ మందు మేలు. కబోర్డు కీళ్ళ దగ్గర, మిక్సీ వెనక, ఫ్రిజ్ రబ్బరు పక్కన ఆవగింజంత చుక్కలు పెట్టండి. ఆ దగ్గర్లో స్ప్రే మాత్రం కొట్టొద్దు, ఆ వాసనకు జెల్ ముట్టవు. బోరిక్ యాసిడ్, గోధుమపిండి, చక్కెర కలిపిన ఉండలు కూడా పని చేస్తాయి, పొడిగా ఉన్నంత కాలమే. పాకే పిల్లలు, కుక్క, పిల్లి ఉన్న ఇంట్లో చేతికి అందే చోట వీటిని పెట్టకండి.

బియ్యం, పప్పులు, రవ్వ

ముక్కపురుగు బయటి నుంచి వచ్చి డబ్బాలో దూరిందనుకుంటాం. చాలాసార్లు అది బస్తాతో పాటే వస్తుంది. ఆడపురుగు గింజకు సన్నని రంధ్రం చేసి, లోపల గుడ్డు పెట్టి, పైన మూసేస్తుంది. కొనేటప్పుడు మనకేమీ కనపడదు. వెచ్చగా, తేమగా ఉంటే సుమారు నెల రోజుల్లో గింజ తొలుచుకుని పెద్ద పురుగు బయటికి వస్తుంది. జులైలో తెచ్చిన బస్తా ఆగస్టులో పురుగు పట్టిందంటే కారణం అదే. గింజలో తేమ బాగా తక్కువగా ఉంటే మాత్రం ఈ పురుగు పెరగలేదు.

కాబట్టి వానాకాలంలో 25 కిలోల బస్తా కాకుండా నెలకు సరిపడా తెచ్చుకోవడం మంచిది. ఖర్చు కాస్త ఎక్కువైనా పారబోసుకునే దానికన్నా నయం. డబ్బాలో పాత బియ్యం అయిపోయాక కడిగి, ఎండలో ఆరబెట్టి, ఆ తర్వాతే కొత్తవి పోయండి. పాతవాటి మీద పోస్తే అడుగున మిగిలిన పురుగులకు మనమే మేత వేసినట్టు. డబ్బా నేల మీద కాకుండా చెక్క పీట మీద, గోడకు జానెడు దూరంలో ఉంచండి. ఎండు వేపాకు, ఎండు మిరపకాయలు వేయడం మనకు అలవాటే, వేయండి, కానీ అవి పురుగును కొంత దూరం పెడతాయే తప్ప గింజలో ఉన్న గుడ్డును చంపలేవు. వేపాకు పచ్చిది వేస్తే మాత్రం నష్టమే. డబ్బాలోకి మనమే తేమ చేర్చినట్టవుతుంది.

పురుగు పట్టిన బియ్యాన్ని మండుటెండలో పోస్తే పురుగులు వెళ్తాయి, కానీ గింజ పగిలి నూక అవుతుంది. నీడలో, ఫ్యాను కింద పలచగా పరిచి జల్లించుకోవడం మేలు. కొద్ది మొత్తమైతే, ముఖ్యంగా రవ్వ, గోధుమపిండి, గాలి చొరని కవర్లో కట్టి డీప్ ఫ్రీజర్‌లో నాలుగు రోజులు ఉంచండి. గుడ్లతో సహా చస్తాయి. బయటికి తీశాక కవరు వెంటనే విప్పకండి. లోపలి చల్లదనం పూర్తిగా పోయేదాకా ఆగండి, లేకపోతే పిండి మీద నీరు పట్టి ముద్ద కడుతుంది. బొంబాయి రవ్వను మన ఇళ్ళలో ముందే దోరగా వేయించి డబ్బాలో పోస్తారే, అది తేమ తగ్గించే మంచి పద్ధతి.

పెసలు, కందులు, శనగలు, అలసందల మీద సున్నపు చుక్కల్లా తెల్లగా అంటుకుని కనిపిస్తే అవి పుచ్చుపురుగు గుడ్లు. కిలోకు చెంచాడు ఆముదం చొప్పున గింజలన్నిటికీ పట్టేలా రాస్తే అది కొత్తగా గుడ్లు పెట్టలేదు, పెట్టినవీ సరిగా పొదగవు. వండేముందు కడుక్కుంటే చాలు. గుంటూరు నుంచి ఏడాదికి సరిపడా మిరపకాయలు తెప్పించి కారం ఆడించే వాళ్ళకు ఒక మాట: కారానికి, ధనియాలకు కూడా చిన్న గోధుమరంగు పురుగు పడుతుంది. మిరపకాయ గలగలమనేంతగా ఎండితేనే ఆడించండి. మెత్తగా ఉన్న కాయకు లోపల బూజు పట్టే ప్రమాదం ఉంది. ఆ బూజులో కొన్ని రకాలు ఒంటికి విషం.

బీరువా, పుస్తకాలు

ముసురు రోజుల్లో బట్టలు ఆరాయో లేదో తెలియదు. ముట్టుకుంటే చల్లగా ఉంటే ఆరనట్టే. అలాంటివి మడిచి బీరువాలో పెడితే ఒక్క లంగా చాలు, అర మొత్తానికి ముక్కవాసన పట్టడానికి. రాత్రంతా ఫ్యాను కింద వేసి, ఇస్త్రీ చేసి పెట్టుకోండి. బీరువా గోడకు నాలుగు అంగుళాల ఎడం ఉండాలి. పట్టుచీరలు నూలు గుడ్డలో చుట్టి, ఎండ కాసిన రోజున నీడలో గాలికి ఆరేసి, మడతలు మార్చండి.

నాఫ్తలీన్ గోళీల గురించి గట్టిగా చెప్పాలి. పసిపిల్లల బట్టల్లో అవి వేయకండి. జీ6పీడీ లోపం (ఎర్ర రక్తకణాలను కాపాడే ఒక ఎంజైము పుట్టుకతోనే తక్కువగా ఉండటం) ఉన్న పిల్లలకు ఆ ఆవిరి వల్ల ఎర్ర రక్తకణాలు పగిలిపోయి కామెర్లు, తీవ్రమైన రక్తహీనత రావచ్చు. ఆ లోపం ఉందని చాలా ఇళ్ళలో ముందుగా తెలియదు. బాలింత ఉన్న ఇంట్లో తేమను పీల్చే సిలికా జెల్ పొట్లాలు వాడండి, వాటినీ పిల్లల చేతికి అందనీయకండి.

శుక్రవారం డ్రై డే ఎందుకు?

డెంగీ దోమ ఎక్కువగా నిలిచిన మంచినీళ్ళలో పెరుగుతుంది. గుడ్డు నుంచి ఎగిరే దోమ కావడానికి ఏడు నుంచి పది రోజులు చాలు. శుక్రవారం డ్రై డే అని, వారానికోసారి నిలిచిన నీళ్ళు పారబోయమని చెప్పేది ఆ లెక్క ప్రకారమే. కానీ పారబోయడంతో పని అయిపోదు. ఆ దోమ గుడ్లను నీటి మట్టానికి కాస్త పైన, తొట్టి గోడకు అంటిస్తుంది. అవి ఎండిపోయినా నెలల తరబడి బతికి ఉండి, మళ్ళీ నీరు తగలగానే పొదుగుతాయి. అందుకే కూలరు, డ్రమ్ము, కుండీ పళ్ళెం, మనీప్లాంట్ సీసా బ్రష్‌తో రుద్ది కడగాలి. సెప్టిక్ ట్యాంక్ గాలి గొట్టానికి పైన నైలాన్ వల కట్టండి.

చెదలు

తొలకరి పడ్డ సాయంత్రం లైటు చుట్టూ ఉసిళ్ళు ముసురుకుంటాయి కదా, అవి రెక్కలొచ్చిన చెదలే. బయటి నుంచి వస్తే లైట్లు ఆర్పి కిటికీలు మూస్తే చాలు. ఇంట్లోని గోడ పగులులోంచో, ద్వారబంధం పక్క నుంచో వస్తే మాత్రం, పుట్ట ఇంటిని పట్టుకునే ఉంది.

గోడ మీద మట్టి గీత కనిపిస్తే చీపురుతో దులిపేయకండి. మధ్యలో అంగుళం మాత్రం పగలగొట్టి నాలుగు రోజులు చూడండి. మళ్ళీ పూడ్చుకుంటే లోపల పని నడుస్తోంది. ద్వారబంధాన్ని వేలితో కొట్టండి. డొల్ల శబ్దం వస్తే లోపల తినేసినట్టే.

2024 సెప్టెంబరులో బుడమేరు వరద నీరు రోజుల తరబడి నిలిచిన సింగ్ నగర్ వైపు ఇళ్ళ వాళ్ళు ఈ పరీక్ష ప్రతి ఏడాదీ చేసుకోవాలని నా మనవి. తడిసిన గోడ పైకి ఆరినట్టు కనిపించినా లోపల చాలా నెలలు చెమ్మ దాచుకుంటుంది. తడిసి ఉబ్బిన ప్లైవుడ్ మంచాలను, అట్టపెట్టెలను కష్టంగా ఉన్నా వదిలేయడమే మేలు. చెదలకు వాటికన్నా మెత్తటి తిండి దొరకదు.

చెదలకు ఇంటి చిట్కాలతో కాలం గడపొద్దు. గూడు నేలలో ఉంటే చెక్క మీద మందు పూసి లాభం లేదు. పెస్ట్ కంట్రోల్ వాళ్ళు గోడ, నేల కలిసే చోట అడుగుకో రంధ్రం చేసి మందును మట్టిలోకి దింపాలి. మా గుణదల అద్దె ఇంట్లో ఒకరు పైపైన స్ప్రే కొట్టి డబ్బులు తీసుకుని వెళ్ళారు, ఆరు నెలల్లో పుస్తకాల అర మొత్తం పోయింది. మీరు మాత్రం ముందే అడగండి: ఏ మందు, ఎంత, ఎన్ని రంధ్రాలు, ఎన్నేళ్ళ గ్యారంటీ. కాగితం మీద రాయించుకోండి. మందు కొట్టే రోజు పసివాళ్ళను, గర్భిణిని వేరే ఇంట్లో ఉంచండి. చేపల తొట్టి ఉంటే మూత వేసి, గాలి పంపు ఆపండి, వీలైతే ఆ ఒక్క రోజుకు పక్కింట్లో పెట్టండి.