డాబా మీద సెల్ టవరా? సంతకానికి ముందు ఇవి చూడండి

అమలాపురంలోనో భీమవరంలోనో టవర్ పెడతామని వచ్చినవాళ్లు మిమ్మల్నే డబ్బు కట్టమంటే అది మోసమే. ట్రాయ్ (టెలికాం నియంత్రణ సంస్థ) ఎన్‌వోసీ, అంటే నిరభ్యంతర పత్రం, చూపించినా నమ్మకండి; టవర్లకు ట్రాయ్ అలాంటివి ఇవ్వదు.

నిజమైన కంపెనీ అయితే యజమానితో ఒప్పందం రాసుకుంటుంది. పని మొదలెట్టకముందే డాబా బరువు మోయగలదని స్ట్రక్చరల్ ఇంజినీరు ఇచ్చిన సర్టిఫికెట్ అడగండి, నకలు దాచుకోండి. లీజు ఏడాది దాటితే రిజిస్ట్రేషన్ తప్పనిసరి.

అసలు చూడాల్సింది టవర్ కాళ్ల కింద పోసే కాంక్రీటు దిమ్మెలు. అవి పిల్లర్ల తలల మీదే కూర్చోవాలి. ఉత్త శ్లాబు మీద పోస్తే తుపాను గాలికి టవర్ ఊగి కాంక్రీటు నెర్రెలిస్తుంది, ఆ వానాకాలమే ఇల్లు కారుతుంది. కోనసీమ ఉప్పుగాలికి గాల్వనైజింగ్ (జింకు పూత) లేని బోల్టులు ఆగవు. జనరేటర్ ఎక్కడ పెడతారో కూడా కాగితం మీద రాయించండి, రాత్రి మోత భరించేది మీరే.

రేడియేషన్ అనుమానముంటే టెలికాం శాఖ వారి తరంగ్ సంచార్ పోర్టల్లో రుసుము కట్టి కొలిపించుకోవచ్చు.