ఔటర్ వైల్డ్స్‌లో దారి తోచనప్పుడు నాకు పనిచేసిన పద్ధతి

ఔటర్ వైల్డ్స్ (2019) అనే అంతరిక్ష అన్వేషణ వీడియో గేమ్‌లో కొత్త ఆయుధాలు రావు, లెవెల్స్ పెరగవు. 22 నిమిషాలకోసారి సూర్యుడు పేలి అంతా మొదటికొస్తుంది. మిగిలేవి మనం తెలుసుకున్న విషయాలు, వాటిని రాసిపెట్టుకునే షిప్ లాగ్ (మన నౌకలోని చిట్టా). అందుకే కొంత గ్యాప్ తర్వాత మళ్లీ మొదలుపెడితే ఎటు వెళ్లాలో నాకు అస్సలు తోచలేదు. గైడ్ చూడటం ఇష్టం లేదు. జవాబు ఒకసారి తెలిసిపోతే, దాన్ని మనంతట మనం కనుక్కునే అవకాశం మళ్లీ రాదు కదా!

లాగ్‌లో 'ఇక్కడ ఇంకా చూడాల్సింది ఉంది' అనే గుర్తున్న చోట్లు మాత్రమే తీసుకున్నాను. ఒక్కోదానికి కాగితం మీద రెండే విషయాలు: ఏం అడ్డొచ్చింది, అప్పటికి లూప్ (ఆ 22 నిమిషాల చక్రం) మొదలై ఎంతసేపైంది. ఆ రెండోదే అసలు దారి చూపింది. ఆటలో యాష్ ట్విన్, ఎంబర్ ట్విన్ అనే జంట గ్రహాలున్నాయి; యాష్ ట్విన్ ఇసుక ఎంబర్ ట్విన్ మీదికి జారుతూనే ఉంటుంది. ఎంబర్ ట్విన్‌లో గుహలు మెల్లగా పూడిపోతాయి, యాష్ ట్విన్‌లో కట్టడాలు బయటపడతాయి. ఇసుకతో మూసుకుపోయి కనిపించిన గుహకి లూప్ మొదలవగానే వెళ్తే దారి బార్లా తెరిచి ఉంది. ఆ క్షణం కోసమే ఇలాంటి ఆటలు ఆడాలనిపిస్తుంది.

ఓడలోని వాళ్లలో ఎవరెవరు, ఎవరికి ఏమైంది అని కనిపెట్టే రిటర్న్ ఆఫ్ ది ఓబ్రా డిన్ (2018) ఆటలో అయితే టైమ్ బదులు 'ఎందుకలా అనుకున్నాను' అని రాసుకోండి. సాధారణంగా ముగ్గురి వివరాలు సరిగ్గా ఉంటేనే మన జవాబులు కరెక్టని ఆట ఖాయం చేస్తుంది.