ఆడ, మగ గినీ పిగ్‌లను ఒక గూటికి చేర్చడం ఎలా?

మూడేళ్ల కిందట విశాఖలో రెండు గినీ పిగ్‌లను (ఎలుకల జాతికి చెందిన, తోకలేని చిన్న పెంపుడు జంతువులు) కొని, అట్టపెట్టెలో ఒళ్లో పెట్టుకుని విజయనగరం బస్సెక్కాను. రెండూ ఆడవేనని అమ్మినాయన చెప్పాడు. రెండు నెలలు దాటాక ఒక తెల్లవారుజామున చూస్తే గూటిలో ఐదు ఉన్నాయి. మూడు పిల్లలూ ఒంటినిండా బొచ్చుతో, కళ్లు తెరుచుకుని, తల్లి పక్కనే గరిక కొరుకుతున్నాయి. ఇల్లంతా సంబరపడ్డాం. మగదాన్ని వేరు చేయాలన్న ఆలోచనే రాలేదు. గినీ పిగ్ ఈనిన కొన్ని గంటలకే మళ్లీ ఎదకు వస్తుందని అప్పుడు తెలియదు. తేరుకునే వ్యవధి లేకుండా చూలు నిలిచిన ఆ తల్లి రెండో ఈతలో చనిపోయింది. అప్పటి నుంచి ఈ జంతువులను తెచ్చుకుంటామన్న ప్రతివారికీ ఈ సంగతులు ముందే చెబుతున్నాను.

ముందు ఏది ఆడ, ఏది మగ?

అమ్మేవారి మాట మీద ఆధారపడకండి. ఒక చేయి ఛాతీ కింద, ఇంకో చేయి పిరుదుల కింద ఆనించి, వీపు మీ పొట్టకు తగిలేలా పట్టుకోండి. ఆడదానికి మర్మావయవం దగ్గర చర్మపు మడత ఇంగ్లీషు 'వై' అక్షరంలా చీలి కనిపిస్తుంది. మగదానికి ఒక చుక్క, దాని కింద సన్నని గీత ఉంటాయి. చుక్కకు కాస్త పైన బొటనవేలితో మెత్తగా నొక్కితే మగదైతే అవయవం బయటికి వస్తుంది. నెల లోపు పిల్లల్లో పోల్చుకోవడం కష్టం కాబట్టి సందేహం ఉంటే పశువైద్యుడికి చూపించండి.

ఆడది అమ్మకందారు దగ్గరే మగవాటితో కలిసి ఉండి ఉంటే చూలుతో వచ్చినట్టే అనుకోవాలి. చూలు కాలం 59 నుంచి 72 రోజులు. అన్ని రోజులూ దాన్ని కనిపెట్టి చూడండి.

విత్తులు తీయించాలి

జత కోసం నేను చెప్పేది ఒక్కటే: విత్తులు తీయించిన మగది, దానికి తోడు ఒకటో రెండో ఆడవి. పిల్లలు ముద్దుగా ఉంటాయని మామూలు మగదాన్ని ఆడదానితో ఉంచవద్దు. ఏడెనిమిది నెలల వయసు వచ్చేదాకా ఒక్కసారీ ఈనని ఆడదానికి కటి ఎముకల కీలు బిగుసుకుపోయి ఉంటుంది. అప్పుడు చూలు నిలిస్తే పిల్ల బయటికి రాలేక తల్లీపిల్లా ఇద్దరూ పోవచ్చు. ఒక ఆడదాని దగ్గర రెండు మగవాటిని ఉంచినా రక్తం వచ్చేలా కరుచుకుంటాయి.

ఆపరేషన్ చిన్నదే అయినా ఇంత చిన్న జంతువుకు మత్తు ఇవ్వడం అందరికీ అలవాటైన పని కాదు. మన విజయనగరం జిల్లాలోనే గరివిడిలో పశువైద్య కళాశాల ఉంది. ఇంత చిన్న ప్రాణులకు మత్తు ఇచ్చిన అనుభవం ఎవరికి ఉందో అక్కడ విచారించండి. ఆపరేషన్ అయిన మర్నాడే మగదాన్ని ఆడదాని దగ్గరికి పంపకూడదు. లోపల మిగిలిన వీర్యంతో ఇంకా కొన్ని వారాలు చూలు నిలవగలదు. అందుకే ఆరు వారాలు ఆగాలి.

గూడు

పిట్టల పంజరం పనికిరాదు. ఇవి ఎక్కే జంతువులు కావు, పరిగెత్తే జంతువులు. కాబట్టి ఎత్తు కాదు, నేల కావాలి. జతకు కనీసం 7.5 చదరపు అడుగులు ఉండాలి. అయిదడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు ఉంటే ఒకదాన్నుంచి ఇంకొకటి తప్పుకునే చోటు ఉంటుంది. అడుగున ఇనుప జాలీ ఉంటే అరికాళ్లు పుండ్లు పడతాయి. పాత నూలు చీరలను నాలుగు మడతలు వేసి పరిచి, రోజూ మార్చండి. గోనెసంచి వద్దు, దాని పోగులు వేళ్లకు చుట్టుకుంటాయి. ఊక దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు.

దాక్కునే అట్టపెట్టెలు రెండు పెట్టండి. ప్రతి పెట్టెకూ రెండు దారులు కోయడం మరవకండి. ఒకే దారి ఉంటే వెంటాడేది గుమ్మంలో నిలబడుతుంది, లోపలిది చిక్కుకుపోతుంది. పిల్లులు, పందికొక్కులు, పాములు మన వైపు మామూలే కనుక పైన, పక్కల సన్నకన్నుల జాలీ బిగించండి.

వీటి పూర్వీకులది ఆండీస్ కొండల చల్లని ప్రాంతం. 27 డిగ్రీలు దాటిందంటే ఇబ్బంది మొదలవుతుంది. మన ఏప్రిల్, మే నెలలు వీటి ప్రాణం మీదికి తెస్తాయి. ఫ్యాను మీదే ఆధారపడితే చాలదు. 2018లో తిత్లీ తుపాను తర్వాత ఉద్దానం వైపు ఎన్నో ఊళ్లు రోజుల తరబడి కరెంటు లేకుండా ఉన్నాయి. గూటిలో తడిపిన మట్టి పెంకు ఒకటి పెడితే మధ్యాహ్నం వచ్చి దాని మీద పొట్ట ఆనించి పడుకుంటాయి. చొల్లు కారుస్తూ, ఎగశ్వాసతో చాపలా పడిపోతే వడదెబ్బే. చల్లని, అంటే ఐసు కాని, నీళ్లతో చెవులు, పాదాలు తడుపుతూ వెంటనే వైద్యుడి దగ్గరికి తీసుకెళ్లండి.

కలపడం

కొత్తదాన్ని ముందు రెండు మూడు వారాలు వేరే గదిలో ఉంచండి. తుమ్ములు, దురద, విరేచనాలు లేవని తేలాక రెండు గూళ్లనూ పక్కపక్కన పెట్టండి. మధ్యలో జాలీ ఉండాలి. పరిచిన గుడ్డలను అటుదిటు, ఇటుదటు మారుస్తూ వారం రోజులు గడపండి. ఒకదాని వాసన ఇంకొకదానికి అలవాటయ్యాకే ముఖాముఖి.

ఆ కలయిక రెండింటికీ కొత్తదైన చోట జరగాలి. సాయంత్రం చల్లబడ్డాక మధ్య గదిలో దుప్పటి పరిచి, చుట్టూ అట్టలు నిలబెట్టి, నడుమ కడిగిన గరిక కుప్పగా పోయండి. వినాయకుడికి పెట్టే గరికే. మందు కొట్టిన పొలం గట్టుది మాత్రం తేకండి. ఇప్పుడు రెండింటినీ ఒకేసారి వదలండి.

మగది గొంతులో గుర్రుమంటూ, పిరుదులు ఊపుతూ నెమ్మదిగా ఆడదాని చుట్టూ తిరుగుతుంది. వెనక వాసన చూస్తుంది, మీదికెక్కబోతుంది. ఆడదానికి ఇష్టం లేకపోతే వెనక్కి తిరిగి మూత్రం చిమ్ముతుంది. మొదటిసారి చూసి నేను భయపడ్డాను గానీ అదంతా వాటి మాట్లాడుకునే పద్ధతి. అప్పుడు చేయి పెట్టకండి. పళ్లు టకటకలాడించడం, మెడ మీద బొచ్చు నిక్కబొడుచుకోవడం, తలలు పైకెత్తి ఎదురెదురుగా నిలబడడం హెచ్చరికలు. వాటి మధ్యకు అట్టముక్క దించండి. కరుచుకుని ఒకే ఉండలా దొర్లితే మందపాటి తువ్వాలు మీద వేసి విడదీయండి. వట్టి చేయి పెడితే ఎముక దాకా దిగేలా కరుస్తాయి.

గాయమైతే ఇంట్లో మిగిలిన అమాక్సిసిలిన్ మాత్రను అరగదీసి పోయకండి. పెన్సిలిన్ జాతి మందులు వీటి పేగుల్లోని మంచి సూక్ష్మజీవులను నాశనం చేసి ప్రాణం తీయగలవు. మందు వైద్యుడే రాయాలి.

మొదటి రోజు అరగంట చాలు. రోజూ కాస్త పెంచుతూ పోండి. రెండూ ఒకే కుప్పలో మూతి పెట్టి తింటూ, పక్కపక్కన సాగిలపడి పడుకుంటుంటే, కడిగి వాసన పోగొట్టిన గూటిలోకి కలిపి మార్చవచ్చు. ఆ రాత్రి గడ్డి రెండు చోట్ల, నీళ్ల సీసాలు రెండు పెట్టండి. విటమిన్ సి వీటి ఒంట్లో తయారుకాదు. జామకాయ ముక్కో, కాప్సికమ్ ముక్కో, కాస్త కొత్తిమీరో రోజూ రెండింటికీ విడివిడిగా అందాలి.

తర్వాత రెండు నెలలు వారానికోసారి వంటింటి త్రాసులో రెండింటినీ తూచి రాసుకోండి. పోట్లాట కంటికి కనిపించకపోయినా, ఒకదాని బరువు వారం వారం తగ్గుతోందంటే రెండోది దాన్ని గడ్డి దగ్గరికి రానివ్వడం లేదేమో చూడండి. జబ్బేమీ లేదని వైద్యుడు చెబితే మధ్య జాలీ మళ్లీ బిగించండి. కొన్ని జతలు ఎన్నటికీ కలవవు. జాలీకి అటూ ఇటూ ఒకదానికొకటి ఆనుకుని పడుకునే జతలు ఉన్నాయి, వాటికి ఆ తోడు సరిపోతుంది.