ఉత్తి చేతులతో వెళ్ళకండి: క్లాసులో, క్యాంపస్‌లో కుదురుకోవడం ఎలా

రోజూ క్లాసుకు వెళ్ళి కూడా వెనకబడిపోయే విద్యార్థులు ఉంటారు. హాజరు నిండుగా ఉంటుంది, నోట్సు ఉంటుంది, మార్కులు మాత్రం రావు. చాలాసార్లు కారణం ఉత్తి చేతులతో వెళ్ళడమే. క్లాసుకైనా, ప్రొఫెసర్ గదికైనా, క్లబ్ మీటింగుకైనా వెళ్ళేటప్పుడు మీ దగ్గర ఏదో ఒకటి ఉండాలి: చేసి చూసిన లెక్కో, రాసుకున్న ప్రశ్నో, ఒప్పుకున్న పనో.

ముందు గంటలు లెక్కేసుకోండి. యూరప్ క్రెడిట్ పద్ధతిలో ఏడాదికి 60 క్రెడిట్లు, ఒక్కో క్రెడిట్‌కు 25 నుంచి 30 గంటల పని. అంటే 5 క్రెడిట్ల సబ్జెక్టుకు 125 నుంచి 150 గంటలు. 15 వారాల సెమిస్టర్ అయితే వారానికి ఎనిమిది నుంచి పది గంటలు. అందులో క్లాసు నాలుగు గంటలే ఉంటే, మిగతాది టైమ్‌టేబుల్‌లో ఎక్కడా కనబడదు. కనబడదు కాబట్టే జారిపోతుంది. మీ యూనివర్సిటీ క్రెడిట్ లెక్క వేరే కావచ్చు, దాన్ని కనుక్కుని ఆ గంటలను కూడా క్లాసుల్లాగే టైమ్‌టేబుల్‌లో రాయండి.

మొదటి వారంలోనే అన్ని సబ్జెక్టుల సిలబస్‌లు ముందు పెట్టుకుని, పరీక్షలు, అసైన్‌మెంట్లు, ల్యాబ్ రికార్డుల తేదీలన్నీ ఒకే కాగితం మీదికి ఎక్కించండి. వారానికో అడ్డగీత చాలు. ఒకే వారంలో మూడు సబ్జెక్టులు మీద పడే చోటు అప్పుడే తెలుస్తుంది. గడువు తేదీతో పాటు, దానికి పది రోజుల ముందు 'మొదలు' అని కూడా రాసుకోండి. ఆ మాట లేని కాగితం మిమ్మల్ని భయపెడుతుందే తప్ప పని చేయించదు.

నోట్సుకు కార్నెల్ యూనివర్సిటీలో వాల్టర్ పాక్ రూపొందించిన పద్ధతి నేటికీ బాగా పనికొస్తుంది. పేజీలో ఎడమవైపు సుమారు 6 సెంటీమీటర్లు, అడుగున 5 సెంటీమీటర్లు ఖాళీ వదలండి. క్లాసులో కుడివైపు మాత్రమే రాయాలి. అదే రోజు సాయంత్రం ఎడమవైపు ఖాళీలో ప్రశ్నలు రాయండి, అడుగున రెండు వాక్యాల్లో సారాంశం. తర్వాత కుడివైపును కాగితంతో మూసి, ఎడమవైపు ప్రశ్నలకు జవాబులు పైకి చెప్పండి. అంతా కలిపి పదిహేను, ఇరవై నిమిషాల పని.

చాలామంది తప్పేది ఈ మూసి చెప్పే దగ్గరే. రంగు పెన్నుతో గీతలు గీస్తూ మళ్ళీ మళ్ళీ చదువుతారు. చదివినకొద్దీ పేజీ పరిచయమైనట్టు ఉంటుంది, దాన్నే వచ్చేసిందని అనుకుంటారు. రోడిగర్, కార్పికె అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు 2006లో చేసిన ప్రయోగాల్లో, అయిదు నిమిషాల తర్వాత పరీక్ష పెడితే మళ్ళీ చదివినవాళ్ళే మెరుగు. వారం తర్వాత పెడితే మాత్రం, చూడకుండా గుర్తు తెచ్చుకుని రాసినవాళ్ళకే ఎక్కువ గుర్తుంది. అసలు పరీక్ష అయిదు నిమిషాల తర్వాత ఉండదు కదా.

ఇక ప్రొఫెసర్‌ను కలవడం. ఇక్కడే జంకు ఎక్కువ, ఇక్కడే లాభమూ ఎక్కువ. "సార్, ఈ చాప్టర్ అర్థం కాలేదు" అంటే ఆయన మళ్ళీ మొదటి నుంచి చెప్పాలి, మీరు మళ్ళీ తల ఊపాలి. దాని బదులు ఇలా అడిగి చూడండి: "సార్, మూడో అసైన్‌మెంటులో రెండో లెక్క. e పవర్ ఎక్స్ ఇంటూ కాస్ ఎక్స్ ఇంటిగ్రల్. ఇంటిగ్రేషన్ బై పార్ట్స్ రెండుసార్లు చేస్తే చివరికి సున్నా ఈక్వల్ టు సున్నా వచ్చింది. ఎక్కడ తప్పానో దొరకడం లేదు." మీరు చేసిన కాగితం చూడగానే ఆయనకు తెలిసిపోతుంది: మొదటిసారి ఏ ఫంక్షన్‌ను డిఫరెన్షియేట్ చేశారో, రెండోసారి దాన్ని వదిలి రెండోదాన్ని పట్టుకున్నారు. చేసినదంతా వెనక్కి తిరిగిపోయింది. రెండు నిమిషాల్లో తేలే విషయం, మీకు జన్మలో మరిచిపోని విషయం.

మెయిల్ రాస్తే సబ్జెక్టు పేరు, సెక్షన్, రోల్ నంబర్ పైనే ఉండాలి. విషయం అయిదు లైన్లు దాటకూడదు. రెండు పనిదినాలు చూసి, జవాబు రాకపోతే మర్యాదగా ఒకసారి గుర్తు చేయండి. కలవడానికి మూడో వారం మంచిది. పరీక్ష ముందురోజు వెళ్తే తలుపు బయట వరుస ఉంటుంది. గదిలోంచి బయటికి రాగానే ఆయన చెప్పింది మీ మాటల్లో రాసుకోండి, సాయంత్రానికి సగం పోతుంది. రేపు సిఫారసు లేఖ కావాల్సి వచ్చినప్పుడు, మీ గురించి రాయడానికి ఆయన దగ్గర ఇలాంటి సంగతులే ఉంటాయి. ఆ లేఖ కూడా గడువుకు మూడు, నాలుగు వారాల ముందే అడగాలి.

గ్రూప్ స్టడీకి ముగ్గురు, నలుగురు చాలు. ఒక్కొక్కరూ ఒక టాపిక్ పుస్తకం మూసి చెప్పాలి. ఎప్పుడూ ఒక్కరే చెప్తుంటే అది ట్యూషనే.

క్లబ్బుల్ని కాలక్షేపమని కొట్టిపారేయకండి. విద్యార్థి మధ్యలో చదువు మానేయకుండా ఉండాలంటే చదువుతోనూ, మనుషులతోనూ కలిసిపోవాలని అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త విన్సెంట్ టింటో 1975లోనే సిద్ధాంతీకరించాడు. మొదటి రెండు వారాల్లో మూడు చోట్లకు వెళ్ళి చూడండి, ఒక్కటే ఎంచుకోండి. సభ్యత్వం తీసుకుని ఊరుకుంటే గోడ పక్కన నిలబడే మనిషిగానే మిగిలిపోతారు. "పోస్టర్లు నేను అంటిస్తాను", "హాల్ బుకింగ్ నేను చూస్తాను" అని ముగింపు తేదీ ఉన్న చిన్న పని అడగండి. కొత్తవాళ్ళతో ఏం మాట్లాడాలో తెలియని మనిషికి పని ఒక మాట అందిస్తుంది. వారానికి మూడు గంటలు దాటనివ్వకండి, క్లబ్ తేదీల్ని కూడా ఆ గడువుల కాగితం మీదే రాయండి. మానుకోవాలనుకుంటే రెండు వారాల ముందే చెప్పి, చేస్తున్న పని ఎక్కడిదాకా వచ్చిందో రాసి అప్పగించండి.

ఇప్పటికే వెనకబడి ఉంటే మొదటి చాప్టర్ నుంచి మొదలుపెట్టకండి. మీరు అక్కడ ఉండగానే క్లాసు ఇంకా ముందుకు పోతుంది. ఈ వారం పాఠంతోనే నడవండి, పాతదానికి రోజూ ఒక గంట వేరుగా కేటాయించి, ఈ పాఠానికి అవసరమైన ముక్కనే ముందు పూర్తిచేయండి. సబ్జెక్టు వదులుకునే వీలుంటే దాని ఆఖరి తేదీ ఇవాళే చూసుకోండి. రెండు వారాలుగా నిద్ర పట్టకపోయినా, మంచం దిగబుద్ధి కాకపోయినా, అడ్వైజర్‌తో పాటు కౌన్సెలర్‌ను కూడా కలవండి. అక్కడికి మాత్రం ఉత్తి చేతులతోనే వెళ్ళొచ్చు.