తుపాను నెల వస్తోంది, ఫ్రీజర్లో మెదళ్లు దాచుకున్నవాళ్లు ఇది చదవండి

ఈమధ్య బరంపురం వైపు ఒక ల్యాబులో జరిగింది విన్నాక ఇది రాయక తప్పలేదు. గాలివానకి రాత్రి కరెంటు పోయింది, జనరేటర్ అందుకోలేదు, మర్నాడు సాయంత్రం కరెంటు వచ్చింది, కొన్ని గంటలకి ఫ్రీజర్ మళ్ళీ బుద్ధిగా మైనస్ 80 చూపించింది. అందరూ హమ్మయ్య అనుకున్నారు. అందులోని ఎలుక మెదళ్లతోనే ఒక అమ్మాయి నెలల తరబడి బైండింగ్ (రిసెప్టర్లకి మందు ఎంత అతుక్కుంటుందో కొలవడం) చేసి, స్ట్రెస్ పెట్టిన ఎలుకల్లో ఓపియాయిడ్ రిసెప్టర్లు, అంటే నల్లమందు లాంటివి అతుక్కునే ప్రోటీన్లు, తగ్గిపోతున్నాయని గ్రాఫులు గీసింది. తగ్గడానికి కారణం స్ట్రెస్ కాదు. స్ట్రెస్ ఎలుకల డబ్బా తలుపు పక్కన ఉండి కరిగింది, కంట్రోల్ (స్ట్రెస్ పెట్టని ఎలుకల) డబ్బా లోపల అడుగున ఉంది. అంతే!

గ్లవ్స్ వేసుకోండి, ఐస్ మీద పెట్టండి అని నేను చెప్పక్కర్లేదు. చెప్పేది ఒక్కటే: ఒకసారి కరిగి మళ్ళీ గడ్డకట్టిన మెదడుతో రిసెప్టర్లు లెక్కపెట్టొద్దు. గడ్డకట్టేటప్పుడు మంచు స్ఫటికాలు కణాల పొరల్ని చీల్చేస్తాయి, లైసోజోములనే కణంలోని సంచుల్లో దాగున్న ప్రోటియేజులు (ప్రోటీన్లని కోసే ఎంజైములు) బయటపడతాయి. చలిలో ఉన్నంతసేపూ అవి కిమ్మనవు. కరిగితే మాత్రం పొరలో ఏడుసార్లు అటూ ఇటూ దూరి కూర్చున్న రిసెప్టర్ని కొరకడం మొదలెడతాయి. ప్రోటీన్ ఎంతుందో కొలిస్తే పెద్ద తేడా కనపడకపోవచ్చు, బైండింగ్ మాత్రం పడిపోతుంది. పుల్ల ఐస్ కరిగి మళ్ళీ గడ్డకడితే పుల్ల వంకర చూసి కనిపెట్టేస్తాం, మెదడు ట్యూబుకి ఆ వంకర ఉండదు.

మన తీరంలో ఇంకో చిక్కుంది. ఫైలిన్ తుపాను 2013 అక్టోబర్ 12న గోపాలపూర్ దగ్గర తీరం దాటింది, తిత్లీ 2018 అక్టోబర్ 11న పలాస వైపు. రెండూ దసరా నవరాత్రుల్లోనే. అంటే కరెంటు పోయే రోజుల్లోనే ల్యాబు ఖాళీ, పిల్లలంతా ఇచ్ఛాపురమో పర్లాకిమిడో వెళ్లిపోయి ఉంటారు.

సెలవులకి ముందు: ప్రతి అరలో ఒక గ్లాసు నీళ్లు గడ్డకట్టించి పైన రూపాయి బిళ్ల పెట్టండి. తిరిగొచ్చేసరికి బిళ్ల మునిగి ఉంటే ఆ అర కరిగినట్టే. అయితే బిళ్ల పైనే ఉందని మురిసిపోవద్దు, అది సున్నా దాటితేనే చెప్తుంది, మెదడు అంతకు ముందే మెత్తబడుతుంది. కనిష్ఠ, గరిష్ఠ ఉష్ణోగ్రతల్ని గుర్తుపెట్టుకునే థర్మామీటర్ ఒకటి కొనిపించండి. కంట్రోల్, టెస్ట్ శాంపిళ్లు కలిపి ఒకే డబ్బాలో పెట్టండి, పోతే రెండూ ఒకేలా పోతాయి, కనీసం అబద్ధపు ఫలితమైనా రాదు. ఒక్కో మెదడునీ చిన్న చిన్న ట్యూబుల్లోకి పంచండి. ఖాళీ అరల్లో నీళ్ల సీసాలు గడ్డకట్టించి నింపండి, నిండుగా ఉన్న ఫ్రీజర్ ఎక్కువసేపు చల్లగా ఉంటుంది.

కరెంటు పోయాక: తలుపు తెరవొద్దు. ఎలా ఉందో చూద్దామని కూడా తెరవొద్దు. డ్రై ఐస్ తెస్తే మూత బిగించిన డబ్బాలో వద్దు, అద్దాలు మూసిన కారులో అసలే వద్దు, ఆ కార్బన్ డయాక్సైడ్ మనిషిని తెలియకుండానే పడగొడుతుంది. లీటరు ద్రవ నైట్రోజన్ ఆవిరైతే దాదాపు 700 లీటర్ల వాయువు. చిన్న గదిలో ఒంపకండి.

ఇక మిగతావి వరసగా చెప్తాను.

కరెంటు వచ్చాక డిస్‌ప్లే చూసి నమ్మొద్దు. అనుమానమున్న ట్యూబుకి ఎర్ర స్టిక్కర్ వేసి ప్రాక్టీసుకే వాడండి. ట్రిస్ బఫర్ (పీహెచ్ నిలకడగా ఉంచే ద్రావణం) పీహెచ్ 30 డిగ్రీల గదిలో 7.4కి సరిచేసి ఐస్‌లో పెడితే 8 దాటుతుంది, చల్లగా ఉన్నప్పుడే సరిచేయండి. ప్రోటియేజుల్ని ఆపే పీఎంఎస్ఎఫ్ విషం, పైగా నీళ్లలో ఎక్కువసేపు నిలవదు, హోమోజెనైజ్ చేసే ముందే కలపండి. 1973లో పర్ట్, స్నైడర్ అనే శాస్త్రవేత్తలు ఓపియాయిడ్ రిసెప్టర్‌ని చూపించింది నలోక్సోన్ అనే మందుతో, దాన్ని పెప్టిడేజులు (పెప్టైడ్లని కోసే ఎంజైములు) ముట్టుకోవు. మీరు వాడేది మెదడే తయారుచేసుకునే పెప్టైడ్ ఎన్‌కెఫలిన్ అయితే మొదటి అమైనో ఆమ్లం టైరోసిన్ దగ్గరే తెగిపోతుంది, ఆ కోతని ఆపే బెస్టాటిన్ లేకుండా మొదలెట్టొద్దు. పెప్టైడ్ ప్లాస్టిక్‌కి అతుక్కుంటుంది, బఫర్లో కాస్త బీఎస్ఏ (ఆవు రక్తంలోని ఆల్బుమిన్) వేయండి. ఫార్మలిన్‌లో వేసిన మెదడు బైండింగ్‌కి తేవొద్దు. వీధికుక్క మెదడు ముట్టుకోవద్దు, మేకదైనా తేడాగా ప్రవర్తించిన మేకదైతే వద్దు, రేబిస్ వైరస్ ఎక్కువగా ఉండేది మెదడులోనే. గుర్తు కోసం వాడే రేడియోధార్మిక అయోడిన్ 125 అర్ధాయువు దాదాపు 60 రోజులు, సెలవుల తర్వాత పాత లెక్కతో కౌంట్లు వేయకండి. కరిగింది మళ్ళీ గడ్డకట్టించి వాడొద్దు. గైడు అడిగినా వాడొద్దు. థీసిస్ గడువు దగ్గరపడినా వాడొద్దు.

ఫ్రీజర్ తలుపు మీద ఎవరి ఫోన్ నంబరు అంటించారో చూసి, ఆయన దసరాకి ఊళ్లో ఉంటాడో లేదో ఇవాళే కనుక్కోండి.