ఊత్తుకోట దారిలో వెళ్తున్నారా? ముందు పిచ్చాటూరు సంగతి కనుక్కోండి

చెంబరంబాక్కం చెరువులో ఎన్ని అడుగుల నీళ్లున్నాయో 2015 వరదల తర్వాత చెన్నైలో పిల్లలు కూడా చెబుతున్నారు. తిరుపతి జిల్లాలోని పిచ్చాటూరు రిజర్వాయరు సంగతి మాత్రం ఎవరికీ పట్టదు. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా చెన్నై నుంచి పెరియపాళెం, ఊత్తుకోట మీదుగా కార్లో తిరుపతి వెళ్లేవాళ్లకి కావాల్సింది అదే.

ఆ దారికి దాదాపు పక్కనే అరణియార్ నది ఉంటుంది. నాగలాపురం వైపు కొండల్లో కురిసిన వాన వాగుల్లో దిగి పిచ్చాటూరు రిజర్వాయరుకు చేరుతుంది. అది నిండితే గేట్లెత్తుతారు. ఆ నీళ్లు సురుటుపల్లి, ఊత్తుకోట, పెరియపాళెం దాటి పులికాట్ సరస్సులో కలుస్తాయి. చెన్నై పెరంబూరులో ఎండ కాస్తోంది కదా అని బయల్దేరితే, రాత్రి కొండమీద పడిన వాన దారిలో ఎదురుకావచ్చు.

అందుకే ముందురోజే తెలుగు పేపర్ల తిరుపతి జిల్లా పేజీ చూడండి. నాగలాపురంలో చుట్టాలుంటే ఇంకా మేలు: "ఏరొచ్చిందా మామా?" అని ఒక్క ఫోన్ చాలు.

చప్టా మీద నీళ్లు పారుతుంటే ఆగిపోండి. ఎర్రనీళ్లలో రోడ్డు అంచు కనబడదు, అడుగున తారు లేచిపోయి గుంత పడి ఉండొచ్చు. అడుగు లోతు పారే నీరు చిన్న కారును తేల్చేయగలదు. ముందు లారీ దాటిందనే ధైర్యం వద్దు, దాని బరువు వేరు. మధ్యలో ఇంజన్ ఆగితే మళ్లీ స్టార్ట్ చేయబోకండి, నీళ్లు లోపలికి లాగేస్తుంది. నన్నడిగితే ఆ రోజుల్లో రైలే హాయి.

నాగలాపురం కొండల్లో మడుగులకు వెళ్లే కుర్రాళ్లు వానాకాలం మానుకుంటే మంచిది. ఒకవేళ వెళ్లుంటే, తేట నీళ్లు ఎర్రబారినా, ఆకులూ పుల్లలూ కొట్టుకొస్తున్నా సామాను వదిలేసి వెంటనే గట్టెక్కండి. వాగు వెంట కిందికి పరుగెత్తకూడదు, పక్కకి, పైకి ఎక్కాలి.

ఏరు చివర పులికాట్‌లో ప్రమాదం ఇంకో రకం. సముద్రంలోకి తెరుచుకునే ముఖద్వారం ఇసుకతో పూడితే వరదనీరు బయటికి పోక సరస్సులోనే పెరుగుతుంది. ముఖద్వారం దగ్గర పోటుకీ పాటుకీ నీటి లాగుడు మారిపోతుంది. 2011 డిసెంబర్ 25న అక్కడ పడవ బోల్తాపడి 22 మంది చనిపోయారు. జాలర్లు పడవలు ఒడ్డుకు లాగేసి ఉంటే ఒక్క రౌండు తిప్పమని బతిమాలకండి, ఎక్కువ డబ్బులు అసలే చూపించకండి.